ఒక యింటిలోని కథాగోష్ఠి

కథ వ్రాయుట ఒంటరిపని యని లోకము తలంచుచున్నది. తలుపు గడియ వేసికొని, దీపము ముందు కూర్చుండి, ఎవరితోను పలుకక వ్రాయువాడే గ్రంథకర్త యను చిత్ర మొకటి మన మనస్సులలో నాటుకొని యున్నది. తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకు వఱకు వంటయిల్లు, బిడ్డలు, అతిథులు, పెద్దల సేవ అనువానిలో మెలగు స్త్రీ కట్టి యేకాంత మెక్కడ దొరకును? అందుచేతనే మనలో ననేకులు వ్రాతపని మనకు దగినది కాదని కలమును ప్రక్కకు బెట్టుచున్నారు. కాని రచనకు బ్రాణమైనది యేకాంతము కాదనియు, "నిన్నటి కథ యెంతవఱకు వచ్చినది? తరువాత నేమి జరిగినది?" అని యడుగు మనుష్యుడొకడు చెంత నుండుటయే యనియు మేము నమ్ముచున్నాము. దీనికి నిదర్శనముగా బందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశములో నొక యింట జరిగిన చరిత్రమును మీకు విన్నవించుచున్నాము.

ఒకరు విడిచిన కథను మఱియొక రందుకొనుట మనకు గ్రొత్త గాదు. నన్నయ యారంభించిన భారతమును తిక్కన, ఎఱ్ఱన పూర్తి చేసిరి. వాల్మీకి చెప్పని యూర్మిళాదేవి నిద్రను మన స్త్రీలు పాటగా గట్టుకొని తరతరములుగా పాడుకొనుచు వచ్చిరి. తమకు బ్రియమైన కథలో నెక్కడనో యొక మూల జీకటిగా నున్నచో నచ్చట దీపము పెట్టుట యభిమానము గలవారి స్వభావము. అయితే భారతకవులు మువ్వురును వేర్వేఱు కాలములవారు. పాటలు గట్టిన స్త్రీల పేరులు మనకు దెలియవు. మేము చెప్పబోవువా రన్ననో, ఒక్క కప్పు క్రింద, ఒక్క బల్లచుట్టును మెలగుచు, ఏనాటి కథ నానాడు ఒకరికొకరు చెప్పుకొనిన తోబుట్టువులు.

కొయ్య సిపాయిలు

ఇంగ్లండు ఉత్తరభాగమున యార్కుషైరు మండలములో హావర్తు అను కొండయూరు గలదు. 1820లో పాట్రిక్ బ్రాంటి అను క్రైస్తవ పురోహితుడు భార్యతోను ఆఱుగురు బిడ్డలతోను ఆ యూరికి వచ్చి చేరెను. మఱుసటి సంవత్సరమే భార్య మరణించెను. 1825లో పెద్దకూతుండ్రిద్దఱును బడిలో నుండగా క్షయరోగము సోకి, కొలది వారముల యెడములో గతించిరి. ఇక మిగిలినవారు నలుగురు: 1816లో బుట్టిన షార్లొట్, 1817లో బుట్టిన బ్రాన్వెల్ అను కుమారుడు, 1818లో బుట్టిన ఎమిలి, 1820లో బుట్టిన ఆన్. వీరి పెత్తల్లి వచ్చి, తన జీవితశేషమంతయు నా యింటనే గడపి, బిడ్డలను బెంచెను.

1826 జూన్ మాసమున తండ్రి లీడ్సు పట్టణమునుండి కుమారునికై పండ్రెండు కొయ్య సిపాయిల పెట్టె నొకదానిని దెచ్చెను. తెల్లవాఱగనే బ్రాన్వెల్ ఆ పెట్టెను జేతబట్టుకొని యక్కచెల్లెండ్ర గదికి వచ్చెను. షార్లొట్ వానిలో నన్నిటికంటె నందమైనదాని నెత్తుకొని, ఇది వెల్లింగ్టను ప్రభువని చెప్పెను. 1815లో వాటర్లూ యుద్ధమున నెపోలియనును జయించిన సేనాని యాతడే. ఆ బాలికకు ఆరాధ్యపురుషుడు. బ్రాన్వెల్ తన సిపాయికి బోనపార్టి యని పేరుపెట్టెను. చెల్లెండ్రిద్దఱును దలకొకటి తీసికొనిరి. ఈ ముచ్చట షార్లొట్టే 1829లో నొక కాగితముపై వ్రాసియుంచెను గనుక మనకు దెలిసినది.

ఇంతవఱకు మనయింటి యాటలకును ఈ యాటకును భేదము లేదు. మన బాలికలును సంక్రాంతికి బొమ్మలకొలువు దీర్తురు. బొమ్మలకు బెండ్లి చేయుదురు. వియ్యపురాండ్ర తగవులు గల్పించి, వారే తీర్పు చెప్పుదురు. కాని పండుగతో మన కథ ముగియును, బొమ్మలు పెట్టెలోనికి బోవును. ఆ యింటి బిడ్డలన్ననో బొమ్మలు విఱిగిపోయిన పిమ్మటను కథను విడువలేదు. పండ్రెండుగురు వీరులు ఓడ యెక్కి ఆఫ్రికా పడమటి తీరమున దిగి గాజుపట్టణమను మహానగరమును గట్టిరని కల్పించిరి. తాము నలుగురును ఆ నగరమును గాపాడు భూతములమని చెప్పుకొనిరి. చచ్చిన వీరుని మరల బ్రదికించు శక్తియు దమకే యిచ్చుకొనిరి. భూగోళ పుస్తకములనుండి నదులను, పర్వతములను. తండ్రిగారి పత్రికలనుండి రాజకీయములను, యుద్ధములను దెచ్చి యందు జేర్చిరి. ఆ తీరమున నంతకుముందే యొక జనము నివసించుచున్నదే, వారి మాట యేమి యని మాత్ర మా బిడ్డలు విచారింపలేదు. లోకము నేలు జాతిలో బుట్టిన బిడ్డల కట్టి యాలోచన కలుగుట యరుదు. పరిపాలన మెట్టిదో యనుభవించిన మనము మాత్ర మీ కథలు చదువునప్పు డా సంగతిని మఱవరాదు.

చిన్న పుస్తకములు

1829 జనవరిలో బ్రాన్వెల్ గాజుపట్టణ వాసులకై యొక మాసపత్రికను బ్రారంభించెను. ఆ కాలమున వారి యింట మిక్కిలి యిష్టముగా జదువుచుండిన 'బ్లాక్‌వుడ్స్' పత్రిక పేరునే దానికి బెట్టెను. కొన్ని మాసములైన పిమ్మట షార్లొట్ దానిని దన చేతిలోనికి దీసికొని పేరు మార్చెను. చదువరులు కొయ్య సిపాయిలు గనుక పత్రికయు వారి చేతికి సరిపోవునంతటిదే. ఇప్పుడు నిలిచియున్న యొక సంచిక యొక్క వెడల్పు సుమా రంగుళమున్నర, పొడవు రెండున్నర యంగుళములు. దొరికిన కాగితపు ముక్కలను గత్తిరించి, మడిచి, సూదిదారముతో గుట్టి, అచ్చక్షరములను బోలిన సన్నని యక్షరములతో నింపిరి. అందు కథలు, పద్యములు, విమర్శలు, అంగళ్ల ప్రకటనలు గూడ నున్నవి. పెద్దల కన్నుల కానని యా వ్రాతయే వారికి దాపఱికము. 1830 ఆగష్టు నాటికి దాను వ్రాసిన పుస్తకముల జాబితా నొకదానిని షార్లొట్ తయారుచేసి, మొత్త మిరువదిరెండని లెక్క తేల్చెను. అప్పటి కామె వయస్సు 14 సంవత్సరములు.

ఆ చిన్న పుస్తకములలో నొకటి 2019లో పారిస్ నగరమున వేలమునకు రాగా, నేడు వారి యింటనే నెలకొనియున్న బ్రాంటి వస్తుప్రదర్శనశాలవారు 6 లక్షల యూరోలకు బాడుకొనిరి. షార్లొట్ 1829లో పది పద్యములు వ్రాసికొనిన మఱియొక పుస్తకము 2022లో 12½ లక్షల డాలరులకు అమ్ముడయి, అదియు నా ప్రదర్శనశాలకే చేరినది. బిడ్డలు కుట్టుకొను కాగితములను చెత్తయని యూడ్చివేయు ముందు మన మొక్కసారి యాగుట మంచిది.

ఈ కథలలోని నాయకులను గూర్చి యొక విశేషము గలదు. వెల్లింగ్టను ప్రభువునకు ఆర్థరు, చార్లెసు అను కుమారు లిద్దఱు నిజముగా నుండిరి. షార్లొట్ ఆర్థరును దన కథానాయకునిగా జేసి, చార్లెసుచేత దన కథలను జెప్పించెను. పేరులు మాత్రమే వారివి. గుణములు, కార్యములు, ప్రేమలు, ద్రోహములు ఆ బాలిక కల్పించినవి. అభిమానముతో మొదలైన యాట మెల్లమెల్లగా స్వతంత్ర సృష్టి యయ్యెను. 1834 నాటికి ఆర్థరు జమోర్నా ప్రభువై, ఆంగ్రియా యను క్రొత్త రాజ్యమున కధిపతి యయ్యెను. అతనికి మామయు శత్రువును నైన నార్తాంగర్లాండు అను పాత్ర బ్రాన్వెల్ సొత్తు. అక్క యొక నాయకుని, తమ్ము డొక ప్రతినాయకుని జేపట్టి, ఒకరు యుద్ధములు వ్రాయగా మఱియొకరు గృహచ్ఛిద్రములు వ్రాయుచు, ఒక్క కథనే యిద్దఱు నడపిరి.

జాబులలో వచ్చిన కథ

1831లో షార్లొట్ చదువుకొఱకు బడికి బోయెను. ఆమె లేని సమయమున చిన్నవారిద్దఱును పెద్దల రాజ్యమునుండి విడిపోయి, ఉత్తర పసిఫిక్ సముద్రమున గాండల్ అను దీవిని గల్పించి, దానిని దమ స్వంతము చేసికొనిరి. కూడి చేయు పనిలో చిన్నవారికి దమదను చోటు కావలెను. ఎమిలియు ఆనును గలహింపకయే దానిని సంపాదించుకొనిరి.

1835లో షార్లొట్ అదే బడికి ఉపాధ్యాయినిగా వెళ్లెను. పగలంతయు బాలికల వ్యాకరణపు దప్పులు దిద్దుట, రాత్రి యలసట. బడిపంతులుగారి యింటిలో గాపురము చేయుచున్న మా కా యలసట యెట్టిదో తెలియును. ఆ దినములలో నామెకు బ్రాణాధారము తమ్ముని జాబులు. ఆంగ్రియాలో నేమి జరుగుచున్నదో బ్రాన్వెల్ వ్రాసి పంపుచుండెను. 1836లో జమోర్నా భార్యయైన మేరీరాణి యవసానదశలో నున్నట్లు అతడు కథ నడపెను. బడిలో నున్న షార్లొట్, ఆమె నిజముగా జచ్చెనా, బ్రదికియున్నదా యని కలతజెంది యా కలతను దన కాగితములలో వ్రాసికొనెను. తరువాత సెలవులలో నింటికి వచ్చి, తన కథలో రాణిని బ్రదికించెను. కల్పిత స్త్రీ ప్రాణముకొఱకు ఇరువదియేండ్ల యువతి యింత పరితపించుట నవ్వు పుట్టించునేమో. కాని మన పురాణశ్రవణములలో అభిమన్యుని మరణము విని కన్నీరు పెట్టుకొనని యిల్లాలెవరు? తేడా యొక్కటే: షార్లొట్ కన్నీటితో నాగక కలము పట్టెను.

ఆ యేడాది చివరనే షార్లొట్ తన పద్యములను రాజాస్థానకవియైన సౌదీకి బంపి యభిప్రాయము గోరెను. 1837 మార్చిలో వచ్చిన ప్రత్యుత్తరమున నా పెద్దమనిషి ఆమెకు శక్తి గలదని యొప్పుకొనుచునే, సాహిత్యము స్త్రీకి జీవితవృత్తి కాజాలదని హితోపదేశము చేసెను. షార్లొట్ వినయముగా జవాబు వ్రాసెను. వ్రాతపని మాత్రము మానలేదు.

నాలుగేండ్ల కొక్కసారి

ఎమిలి, ఆన్ అను చెల్లెండ్రిద్దఱు చేసికొనిన యేర్పాటు మఱియు మనోహరమైనది. 1834, 1837, 1841, 1845 సంవత్సరములలో వారు దినచర్య కాగితములు వ్రాసిరి. అందు పెద్దవైన తరువాతి కాగితములను మడిచి దాచి, కొన్ని యేండ్ల పిమ్మట పుట్టినదినమున విప్పి చదువుకొనవలెనని వారి నియమము. ఆ కాగితములలో నింటి వార్తలును గాండల్ వార్తలును గలసియే యుండును. 1834 నవంబరు నాటి దానిలో దుంపలు దొక్కతీయుట, చాకిరేవు, సంగీతపాఠము చదువక పోవుట, వంటకములు—వీని నడుమనే గాండల్ ప్రజలు గాల్డైన్ అను మఱియొక దీవి లోపలి భాగమును గనుగొనుచున్నారను వార్త. వంటయింటికిని గల్పనాలోకమునకును నడుమ గోడ లేదు. ఎమిలి రొట్టెపిండి పిసుకుచు జర్మనుభాషా పుస్తకము నెదుట నిలుపుకొని చదువుచుండెడిదని యామె చరిత్రమున జెప్పబడినది.

1841లో ఆన్ పరులయింట బిడ్డలకు జదువు చెప్పు కొలువులో నుండెను. ఎమిలి యింట నుండెను. ఒకరి కాగిత మొక రెఱుగకయే యిద్దఱును వ్రాసిరి. 1845లో వ్రాసినవి రెండును జేర్చి చదువుట మిక్కిలి జాలి గొలుపును. ఆ వేసవిలో నిద్దఱును గలసి యార్కు పట్టణమునకు రెండు దినముల ప్రయాణము చేసి, దారి పొడుగునను గాండల్ పాత్రలుగా నటించుచు బోయిరి. ఎమిలికి 26, ఆనునకు 25 సంవత్సరముల వయస్సు! గాండల్ మునుపటివలెనే వెలుగుచున్నదని యెమిలి సంతోషముతో వ్రాసెను. గాండల్ ఆట యిపు డంత బాగుగా లేదని ఆన్ వ్రాసెను. ఐనను ఎమిలి వ్రాయుచున్న చక్రవర్తి చరిత్రలో గొంత విన్నాననియు, తక్కినది వినవలెనని మిక్కిలి కోరిక గలదనియు, ఆమె పద్యములును వ్రాయుచున్నది గాని యవి దేనిని గూర్చియో యని యనుకొనుచున్నాననియు జేర్చెను. తనకు దానిపై రుచి తగ్గినను, తోడి రచయిత్రి పనిపై నాదరము తగ్గలేదు. ఇట్టి చెల్లెలు దొరకుట యెంతటి భాగ్యము!

అడుగక చదివిన పద్యములు

1845 శరత్కాలమున షార్లొట్ యాదృచ్ఛికముగా నెమిలి పద్యముల పుస్తకమును జూచి, అనుమతి లేకయే చదివెను. అవి సామాన్య స్త్రీలు వ్రాయు పద్యములవంటివి కావని యామెకు వెంటనే తోచెను. ఎమిలి కోపమునకు మేర లేకపోయెను. ఆ కోపము శాంతించుటకు గొన్ని గంటలును, అచ్చువేయుటకు సమ్మతించుటకు గొన్ని దినములును బట్టెనని షార్లొట్టే తరువాత జెప్పెను. ఈలోపున ఆన్ మాటాడక తన పద్యములను దెచ్చి యక్క ముందుంచెను. మువ్వుర పద్యములును జేర్చి, స్త్రీలని తెలియకుండ కరర్, ఎల్లిస్, ఆక్టన్ బెల్ అను మాఱుపేరులతో, పెత్తల్లి వ్రాసియిచ్చిన సొమ్ములోనుండి ఖర్చు పెట్టుకొని, 1846లో అచ్చువేయించిరి. ఎమిలి, ఆన్ తమ పద్యములలోని గాండల్ పేరులను దీసివేసిరి. మొదటి సంవత్సరమున నమ్ముడుపోయినవి రెండు ప్రతులు.

రెండు ప్రతు లమ్మిన వా రిక నూరకుందురని లోక మనుకొనును. వా రన్ననో తలకొక నవల వ్రాయ బూనిరి. రాత్రి తొమ్మిదిగంటలకు బెద్దలు నిద్రింప బోయిన తరువాత, కుట్టుపనిని ప్రక్కన బెట్టి, మువ్వురును భోజనపు గదిలో బల్లచుట్టును నడచుచు దమ కథల సంగతులు చెప్పుకొనుచుందురు. వారమున కొకటి రెండుసార్లు తాము వ్రాసిన భాగములను జదివి వినిపింతురు. తోడివారి సలహా విన్నను, తన కథలో మార్పు చేయుటకు షార్లొట్ మిక్కిలి యరుదుగా నంగీకరించెడిది. కథానాయిక సౌందర్యవతి కావలసిన పని లేదని యామె చెల్లెండ్రతో వాదించి, తనవలె బొట్టిగా, సామాన్యముగా నుండు నాయికనే సృష్టించి చూపెదనని పంతము పట్టెనని చెప్పుదురు. ఆ పంతమునకు ఫలము 1847 అక్టోబరులో వెలువడిన 'జేన్ ఐర్'. ఎమిలి 'వదరింగ్ హైట్స్', ఆన్ 'ఆగ్నెస్ గ్రే' డిసెంబరులో వెలువడినవి. ఒకే బల్లచుట్టును నడచిన మూడు కథలు, మూడు విధములుగా నున్నవి. కలసి పనిచేయుటవలన స్వంతగొంతుక పోవు నని భయపడువారు వీనిని జూడవలెను.

వలయమునుండి జారినవాడు

ఈ చరిత్రమున మిక్కిలి వ్యథ గలిగించు భాగ మొకటి మిగిలినది. సిపాయిల పెట్టె తెచ్చినవాడు, పత్రిక ప్రారంభించినవాడు, జాబులు వ్రాసినవాడు—బ్రాన్వెల్—ఆ బల్లచుట్టును లేడు. అతడు 1841 నుండి పట్టణపు వార్తాపత్రికలలో బద్యములు ప్రకటించినవాడే. నలుగురిలో మొదట నచ్చులోనికి వచ్చినవా డతడే. కాని చేపట్టిన యుద్యోగము లొకటియు నిలువక, 1845లో నున్న కొలువును బోగొట్టుకొని, మద్యమునకును నల్లమందునకును వశుడయ్యెను. అక్కచెల్లెండ్ర పుస్తకములు లోకమంతట జదువబడుచుండగా, ఆ సంగతి యతనికి దెలియదని, తెలిసిన తన వైఫల్యమునకు మఱింత క్రుంగునని చెప్పలేదని, షార్లొట్ అతడు పోయిన పిమ్మట వ్రాసెను. అతడు సుమారు 1834లో మువ్వురు తోబుట్టువులను జిత్రించిన పట మొకటి 1914లో నొక బీరువాపై దొరకినది. ఆ పటమున దన రూపమును గూడ వ్రాసికొని, మరల దానిపై స్తంభమొకటి చిత్రించి కప్పివేసెను. కాలము గడచినకొలది రంగు పలుచనై, స్తంభములోనుండి యతని రూపము మసకగా గనబడుచున్నది.

అతనిని వారు విడిచిరా, అతడే వారిని విడిచెనా యని తీర్పు చెప్పుటకు మేము సమర్థులము కాము. ఒక్క సంగతి మాత్రము స్పష్టము: కథను గూర్చి యడుగువారును, చెప్పువారును నున్నంతకాల మతడు వ్రాసెను. తమ్ముడో, అన్నయో, చెల్లెలో మాటాడుట తగ్గించినప్పుడు, వారి పెట్టెలోని కాగితములను గూర్చి మన మడుగుట తగ్గింపరాదు. ఆనాడే మఱింత యడుగవలెను.

1848 సెప్టెంబరులో బ్రాన్వెల్, డిసెంబరులో ఎమిలి, 1849 మే నెలలో ఆన్ మరణించిరి. ఎనిమిది నెలలలో ముగ్గురు! షార్లొట్ సగము వ్రాసియుంచిన నవలను బూర్తిచేసి యాయేడే ప్రకటించెను గాని, దానిని జదివి వినిపించుట కెవరును లేకపోయిరి. రాత్రివేళ నామె యొంటరిగా బల్లచుట్టును నడచు నడుగుల చప్పుడు పనిమనిషికి వినబడుచుండెడిదట. 1855లో ఆమెయు గతించెను. ఆంగ్రియా కాగితములు చాలవఱకు నిలిచినవి. గాండల్ గద్యకథలలో నొక్కటియు దొరకలేదు. పద్యములును, పేరుల పట్టికలును, ఆ దినచర్య కాగితములును మాత్రమే మిగిలినవి.

సోదరీమణులారా! బియ్యపు డబ్బావెనుక బద్యముల కాగితములు దాచుకొను నిల్లాండ్రను మే మెఱుగుదుము. వారికి గావలసినది బహుమతి కాదు, అచ్చుయంత్రమును గాదు. ఒక తోడికోడలో, ఆడుబిడ్డయో, పొరుగింటి వదినగారో కూరలు తరుగుచు "మీ కథలో నాపిల్ల యేమైనది, వదినా?" అని యొక్కమాట యడిగిన జాలును. అడిగినవారు శ్రద్ధతో వినవలెను; నచ్చనిచో నచ్చలేదని మెల్లగా జెప్పవలెను; వ్రాసినవారు తమకు దోచినట్లే వ్రాయుటకు నోర్వవలెను; ఒకరి కాగితములను వారి యనుమతి లేక విప్పరాదు. ఇంతకంటె దీనికి నియమములు లేవు. వారమున కొక్క సాయంకాలము, పది పుటలు, నలుగురు చెవియొగ్గువారు—ఈ మాత్రము మన యిండ్లలో దొరకకపోదు. దొరకిననాడు మన పెట్టెలలోని గాండల్ దీవు లెన్ని వెలుగులోనికి వచ్చునో యెవరు చెప్పగలరు?